కాక చెయ్యి పడని బోను

ఆ రోజు మా ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ముందు రాస్తాను. రేపు ఎవరూ నేను లేను, నేను వినలేదు అనకుండా.

దాది ఉంది. మా బాపును కన్నతల్లి, పేరు జమ్లి. పందిట్లో నులకమంచం మీద కూర్చుని మోకాళ్ళకు ఎండ తగిలించుకుంటోంది. బాపు ఉన్నాడు. పేరు రాందాస్, మా తండా బడిలో పంతులు. ఆదివారం కాబట్టి ఇంటిపట్టునే ఉన్నాడు. యాడి, అంటే మా అమ్మ పుష్ప, పొయ్యి దగ్గర ఉంది. బాపు తమ్ముడు మంగీలాల్ కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లోకీ ఇంట్లోకీ ఊరికే తిరుగుతున్నాడు. ఆయన భార్య నవత చిన్నమ్మ తన గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెకు ఆరో నెల. పొద్దెక్కాక హైదరాబాదు నుంచి, కాక దగ్గర సరుకు కొనడానికి, శ్రీధర్ సారు వచ్చాడు. నేనున్నాను, హేమలత, పదో తరగతి.

ఇంకొకటి కూడా ఉంది. వడ్లగదిలో బస్తాల వెనక, ఇనుప బోనులో, పునుగుపిల్లి. దాన్ని ఎవరూ లెక్కలో వేయరు కనుక నేనే వేస్తున్నాను. అది నిండు చూలుతో ఉంది.

ఆ పిల్లిని ఆ రోజు వదిలేయాలి. సారు వచ్చి సరుకు తీసుకున్న రోజునే వదిలేద్దామని బాపు నాకు మాట ఇచ్చాడు. నాకు కావలసింది అదొక్కటే.

ఇదంతా కాక తలలోంచి పుట్టింది. కాక భద్రాచలం నుంచి ఘాట్ మీదుగా మారేడుమిల్లి దాకా కిరాయి జీపు తోలుతాడు. జీపు తోలుకుని ఊరుకోడు. ఒక ఏడు కౌజు పిట్టలు పెంచాడు, అవన్నీ ఒక్క వానకు చచ్చాయి. ఇంకో ఏడు తేనెపెట్టెలు తెచ్చాడు, ఈగలు మరుసటి వారమే లేచిపోయాయి. పుట్టగొడుగులు పెట్టిన గది ఇప్పటికీ కంపు కొడుతుంది. ఈసారి కొండ మీద కాఫీ తోటవాళ్ళ దగ్గర ఏదో విని వచ్చాడు. రాత్రి అన్నాల దగ్గర చెప్పాడు. పునుగుపిల్లి పండిన కాఫీ పళ్ళు తింటుందట. పైగుజ్జు అరిగిపోతుంది, గింజ అరగదు. కడుపులోంచి వచ్చేటప్పుడు ఆ గింజకు ఒక రుచి పడుతుందట. దాని పెంటలోంచి గింజలు ఏరి, కడిగి, ఎండబెట్టి, వేయించి తాగుతారట. దొరికేది తక్కువ కాబట్టి పైదేశాల్లో ఒక్క కప్పుకు ఇచ్చే ధరతో మన ఇంటికి నెల బియ్యం వస్తాయని కాక అన్నాడు.

యాడికి నవ్వాగక పొలమారింది. దాది మాత్రం నవ్వలేదు.

"గది తాగేటోల్లకు తిననీకి ఏం దొరకదా బిడ్డా?" అని అడిగింది.

మా పాత కొట్టం కప్పులో ఒక పునుగుపిల్లి ఎప్పటినుంచో ఉంటోంది. నా చిన్నప్పటినుంచీ ఉంది. సాయంత్రం అది దిగేటప్పుడు గంజి వార్చిన అన్నం వాసన వచ్చేది. యాడి పొయ్యి వెలిగించకముందే అన్నం వాసన వస్తే, పిల్లి బయలుదేరిందని మాకు తెలిసేది. అది ఎలుకల్ని తినేది, వాగు ఒడ్డున జీలుగు చెట్లెక్కి ముంతల్లో కల్లు తాగేది. దానికి మాతో పని లేదు, మాకు దానితో పని లేదు.

కాక దాన్ని పట్టాలన్నాడు. కానీ తాను పట్టనన్నాడు.

ఇది మా తండా సంగతి తెలియనివాళ్ళకు అర్థం కాదు. మా దగ్గర భార్య కడుపుతో ఉంటే భర్త ప్రాణమున్న దేన్నీ బాధపెట్టకూడదు. కోడిని కొయ్యడు, పామును కొట్టడు, దూడ ముక్కు కుట్టడు. చేస్తే ఆ దెబ్బ లోపలి బిడ్డకు తగులుతుందంటారు. పోయిన ఏడు కాక చేనులో కొండచిలువను గొడ్డలితో కొట్టాడు. ఆ నెలలోనే చిన్నమ్మకు కడుపు పోయింది. తండా అంతా కాకనే అంది. అప్పటినుంచి ఆయన తేలును కూడా చంపడు. చుట్టాలొస్తే కోడిని బాపు కోస్తాడు. కోసేటప్పుడు కాక మొహం అటు తిప్పుకుంటాడు. కూర వండాక మాత్రం ఇటే తిప్పుతాడు.

"నా చెయ్యి పడొద్దు," అన్నాడు కాక ఆ రాత్రి. "హేమ పడుతది. దానికేంది, పెండ్లి గాలే, పిల్లలు గాలే. దానికేం తగులుతది?"

నేను బాపు వైపు చూశాను. బాపు పళ్ళెంలో చెయ్యి కడుక్కుంటున్నాడు.

"చిన్నపిల్లే గదా, ఏం గాదు," అన్నాడు.

నాకు కాదనడం రాదు. బడిలో సారు ప్రశ్న అడిగినప్పుడు జవాబు తెలిసినా లేవను. నలుగురు నా వైపు చూస్తే గొంతు మూసుకుపోతుంది. మా ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు, అందుకే ఏ పని ఎవరూ చేయకపోయినా నాకు చెబుతారు. చెబితే అయిపోతుంది.

దమ్మపేట వెల్డింగు షాపులో బోను చేయించుకొచ్చారు. జీపులోంచి దాన్ని దింపింది నేను. కొట్టంలోకి మోసింది నేను. పండిన అరటిపండు లోపల కట్టింది నేను. కాక గుమ్మం బయట చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఇంకొంచెం ఎడమకు, తీగ గట్టిగా లాగు అని చెప్పాడు. తెల్లారి పిల్లి బోనులో ఉంది. నన్ను చూసి కమ్మీలకు తల కొట్టుకుంది, ముక్కు మీద చర్మం లేచిపోయింది. కాక గుమ్మం బయటినుంచే చూసి సంతోషపడ్డాడు. నా వేళ్ళకు మాత్రం తుప్పు వాసన రెండు రోజులు పోలేదు.

కాక కొండ మీదినుంచి ఎర్రటి కాఫీ పళ్ళు గోనెసంచుల్లో తెచ్చేవాడు. పిల్లి వాటిలో మూతి కూడా పెట్టి చూడలేదు. దాని ఇష్టం దానిది కదా, అడవిలో అది మాగిన పండు ఏరుకుని తింటుంది, ఒకటి తిని పది వదిలేస్తుంది. అప్పుడు కాకకు ఇంకో ఆలోచన వచ్చింది. పిల్లికి కల్లు ఇష్టం కాబట్టి పళ్ళను కల్లులో నానబెట్టి పెట్టమన్నాడు. కోయగూడెం పోయి జీలుగు కల్లు డబ్బాలో మోసుకొచ్చే పని కూడా నాదే. వేరే తిండి పెట్టొద్దన్నాడు. ఆకలికి పిల్లి ఆ పళ్ళు తిన్నది. తిని తూలేది. మత్తు దిగాక బోనులో గుండ్రంగా తిరిగేది, తిరిగీ తిరిగీ ఒకే చోట కమ్మీని కొరికేది. చిన్నమ్మకు కల్లు చుక్క కూడా తగలనివ్వని ఇంట్లో, ఇంకో కడుపు మీద రోజూ కల్లు పోశాం.

నేను బడికి పోకముందు ట్రే లాగి పెంట ఎత్తేదాన్ని. గింజలు ఏరి, బోరు దగ్గర నాలుగుసార్లు కడిగి, చాటలో ఆరబోసేదాన్ని. బూడిద రాసుకుని చేతులు తోముకున్నా వాసన పోదు. క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి బెంచి చివరికి జరిగింది. తర్వాత వేరే బెంచీకే పోయింది. ఏమని చెప్పను? మా కాక కోటీశ్వరుడవుతాడని చెప్పనా?

పిల్లి చూలుతో ఉందని కనిపెట్టింది దాది. ఒక రోజు వడ్లకోసం వచ్చి బోను ముందు వంగి చూసింది.

"ఇది సూడిది రా మంగ్యా. ఇడ్సిపెట్టు. ఇంట్ల కోడలు గట్లున్నప్పుడు దీన్ని కట్టేస్తరా?"

కాక మొహం తెల్లబోయింది. ఆయన నిజంగానే భయపడ్డాడు. నేను చూశాను. తర్వాత తన రెండు చేతుల్నీ తిప్పి చూసుకున్నాడు.

"నేనైతే ముట్టలే గదా అమ్మా," అన్నాడు. "బోను గూడ ముట్టలే. నవతకు మాత్రం చెప్పకుండ్రి."

ఆ భయమంతా అంతటితో అయిపోయింది. చిన్నమ్మకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెబితే ఆమె బెదిరిపోతుందని యాడి నా నోరు మూయించింది.

చిన్నమ్మ గురించి చెప్పాలి. ఆమె కోడలుగా వచ్చినప్పటినుంచీ నేను మాట్లాడేది ఆమెతోనే. ఆమె నా జడ వేస్తూ, నేను బడిలో చెప్పలేని మాటలన్నీ నాతో చెప్పించేది. నా అక్షరం బాగుంటుందని తన పుట్టింటికి ఉత్తరాలు నాతోనే రాయించేది. కడుపుతో ఉన్నవాళ్ళు బంధించిన జంతువును చూడకూడదని ఆమె వడ్లగది గుమ్మం తొక్కలేదు. రోజూ నన్ను మాత్రం అడిగేది, అది తింటోందా, పడుకుంటోందా అని. బాగుందని చెప్పేదాన్ని.

బాపును అడగడానికి నాకు వారం పట్టింది. సైకిల్ తుడుస్తున్నప్పుడు పక్కన నిలబడి అడిగాను. సారు వచ్చి ఇప్పటిదాకా పోగైన సరుకు తీసుకుపోయిన రోజునే వదిలేద్దాం, నేనే బోను తీస్తాను అన్నాడు. బాపు బడిలో పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెబుతాడు. నాకూ ఆయనే చెప్పాడు, అయిదో తరగతి దాకా నాకు ఆయనే పంతులు.

ఆ ఆదివారం పొద్దున పళ్ళు పెడదామని పోతే పిల్లి పళ్ళ వైపు చూడలేదు. గోనెపట్టాను పీలికలు చేసి ఒక మూలకు లాక్కుంది. పడుకుంటోంది, లేస్తోంది, వెనక్కి తిరిగి నాక్కుంటోంది. మా మేకలు ఈనేముందు అలాగే చేస్తాయి. పోయి యాడికి చెప్పాను. సారు పోయేదాకా నోరు తెరవొద్దంది. బాపుకు చెప్పాను. సారు పోంగనే, అన్నాడు. ఇప్పుడే వదిలితే చెట్టు తొర్రలో ఈనుతుంది బాపూ అన్నాను. ఇంకా ఎంతసేపు, జర ఓపిక పట్టు అన్నాడు.

శ్రీధర్ సారు తెల్లకారులో వచ్చాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. దాదికి దండం పెట్టాడు, నా క్లాసు అడిగాడు. ఇంట్లో మేం లంబాడీలో మాట్లాడుకుంటాం. ఆయనకు అర్థం కావాలని ఆ రోజు అందరూ తెలుగే మాట్లాడారు.

ముందు కాఫీ ఇచ్చారు, ఆ గింజలతోనే. యాడికి ఎవరూ ఎలా చేయాలో చెప్పలేదు. వచ్చిన మనిషికి నీళ్ళకాఫీ ఇస్తే ఇంటి పరువు పోతుంది. బర్రెపాలు చిక్కగా మరగకాచి, చక్కెర పోసి, యాలకులు దంచి వేసింది. సారు ఒక గుక్క తాగి గ్లాసులోకి చూశాడు.

"ఇందులో కాఫీ ఎక్కడుందండి?" అన్నాడు.

కాక యాడి మీద కళ్ళెర్రజేశాడు. యాడి మళ్ళీ ఉత్త నీళ్ళలో కాచి తెచ్చింది. సారు కళ్ళు మూసుకుని నాలుక మీద తిప్పాడు. కొంచెం పులుపు ఉంది, ఎక్కడా తగలని పులుపు, బాగుంది అన్నాడు. అది కల్లు పులుపు. కాక నా వైపు చూసి కన్ను గీటాడు. నాకు ఆ గ్లాసు లాక్కుని పారబోయాలనిపించింది.

తర్వాత సారు అసలు మాట అడిగాడు. తమ కొనుగోలుదారులు అడవిలో స్వేచ్ఛగా తిరిగే జంతువు వదిలిన గింజే కొంటారని, బోనులో పెట్టి మేపినదైతే ముట్టరని అన్నాడు. ఇది అడవిదే కదా అని అడిగాడు. కాక గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. తెల్లవారుజామున మా ఆడవాళ్ళు అడవిలో బండల మీద ఏరుకొస్తారని చెప్పాడు. ఆ చెయ్యి పెట్టుకున్నప్పుడు మాత్రం ఆయనకు ఏ భయమూ లేదు.

అయితే ఒక ఫోటో కావాలన్నాడు సారు. దాది ఎప్పుడూ కట్టుకునే బట్టలు చాలవని కాక పెట్టె తీయించి, అద్దాల కాంచళి రవిక, గజ్జెల పేట్యా లంగా తొడిగించాడు. మేం బట్టలుతికే బండ మీద గింజలు చల్లి ఏరమన్నారు. దాది వంగలేక వంగింది.

"బిడ్డా, గిది తాగినంక దవాఖానకు గూడ నువ్వే తీస్కపోతవా?" అని సారును అడిగింది. ఆయన పగలబడి నవ్వాడు, ఆ నవ్వుతోనే ఫోటో తీశాడు. తర్వాత నన్ను పిలిచి దోసిలి పట్టమన్నాడు. నా చేతుల నిండా గింజలు పోసి ఒక్క చేతుల్నే ఫోటో తీశాడు. అడవి బిడ్డ చేతులు అని కింద రాయిస్తాడట. నా మొహం అక్కర్లేదట.

అప్పుడే వడ్లగదిలోంచి అరుపు వినిపించింది. పిల్లి అరిచినట్టు లేదు. పసిబిడ్డ గొంతు నొక్కినట్టుంది. ఒకసారి, కొంచెం ఆగి ఇంకోసారి.

ఇంటి పిల్లి సారూ, గదిలో మూసుకుపోయినట్టుంది అన్నాడు కాక. సారు ఆ గది వైపు చూశాడు. గుమ్మం పక్కన గంపలో మిగిలిన కాఫీ తొక్కలున్నాయి, కల్లు డబ్బా ఉంది. అన్నీ చూశాడు. మెల్లగా కెమెరా సంచిలో పెట్టుకున్నాడు.

"ఆ గదిలో ఏముందో నేను చూడలేదు మంగీలాల్ గారూ. నాకు చూపించనూ వద్దు," అన్నాడు. "కాకపోతే ఒక్క దానితో ఏం సరిపోతుంది? వచ్చే సీజనుకు పది పెట్టండి. ఇదీ ఉంచండి, అలవాటు పడింది కదా."

కాక మొహం వెలిగిపోయింది. అట్లనే సారూ, అట్లనే అన్నాడు.

నేను బాపు వైపు చూశాను. సారు పోంగనే అన్నాడు కదా. ఇప్పుడు అనాలి కదా. ఇది ఉండదండి, దీన్ని ఇవాళ వదిలేస్తున్నాం అని ఒక్క మాట. బాపు మంచం కింద చెప్పులు వెతుక్కుంటున్నాడు. చెప్పులు ఆయన కాళ్ళకే ఉన్నాయి.

నా గొంతు ఎలా తెరుచుకుందో నాకు తెలియదు. నా చేతుల్లో ఇంకా గింజలున్నాయి. వాటిని నేల మీద వదిలేశాను.

"అది ఈనుతున్నది. కడుపుతోని ఉన్నదాన్ని పట్టిండ్రు. ఇయ్యాల ఇడుస్తనని నాకు మాటిచ్చినవ్ బాపూ."

బాపు తల ఎత్తలేదు. యాడి నా రెక్క పట్టుకుని లాగింది. కాక మాత్రం నవ్వాడు, సారు చూస్తున్నాడని.

"పట్టిండ్రు అంటవేందే? ఎవరు పట్టిండ్రు? అరటిపండు గట్టింది ఎవరు, గొళ్ళెం పెట్టింది ఎవరు? కల్లు తెచ్చి పోసింది ఎవరు? నా చెయ్యి పడ్డదా దాని మీద?"

"నువ్వు చెప్తేనే చేసిన."

"చెప్తే? చెప్పిన నోటికి తగుల్తదా, చేసిన చేతికి తగుల్తదా? అడుగు మీ దాదిని."

దాది ఆ అద్దాల బట్టల్లో బండ మీద కూర్చుని ఉంది. అద్దాలు ఎండకు కాక మొహం మీద మెరుస్తున్నాయి. థూ అని పక్కకు ఉమ్మింది.

అప్పుడు చిన్నమ్మ తన గది గుమ్మంలోకి వచ్చింది. కడుపుతో ఉన్నదన్న మాట ఆమెకు వినిపించింది. రంగు పోయిన మొహంతో కాకను అడిగింది, నిజమేనా అని. నాకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు కాకను అడిగేవాళ్ళు ఒకరు వచ్చారనుకున్నాను. కాక ఆమె దగ్గరికి పరుగెత్తుకుపోయాడు. తన రెండు చేతులూ చాపి ఆమెకు చూపించాడు.

"నీ మీద ఒట్టు. బోను కమ్మీ గూడ ముట్టలే. అంతా హేమనే చేసింది. మనకేం తగల్దు."

చిన్నమ్మ ఆయన చేతుల్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. లోపలికి పోయింది. ఆమె తర్వాత అడుగుతుందిలే, సారు ముందు అడగలేదు అనుకున్నాను.

ఇంటి విషయాలు మీరు మాట్లాడుకోండి అని సారు లేచాడు. గింజల సంచి కారులో పెట్టించాడు. నేను కింద పడేసిన గింజల్ని కూడా యాడి ఏరి సంచిలో వేసింది.

నేను వడ్లగదిలోకి పోయాను. పిల్లి ఈనింది. రెండు పిల్లలు. నా బొటనవేలంత తలలు. రెండూ కదలడం లేదు. ఒకదాని మెడ కొరికి ఉంది. తల్లే కొరికింది. అదే నోటితో మళ్ళీ దాన్ని నాకుతోంది. మా మేకల దగ్గర నేను ఎన్ని ఈతలు చూశాను, ఏ తల్లీ ఇలా చేయలేదు. నెలకు పైగా కల్లు తాగించి, కమ్మీ కొరికించి, చీకట్లో పెడితే దానికి కొరకడం ఒక్కటే మిగిలింది.

బోను ఈడ్చుకుంటూ బయటికి తెచ్చాను. ఒక్కదాన్నే. బాపు అడ్డం రాలేదు, పట్టుకోనూ లేదు. కాక మాత్రం రెండడుగులు వెనక్కి వేశాడు, బోను ఎక్కడ తన కాలికి తగులుతుందోనని. పది బోన్లు పెడదామన్న మనిషి ఒక్క బోనుకు భయపడి గోడకు అంటుకుపోయాడు. ఆపాలంటే పట్టుకోవాలి, పట్టుకుంటే చెయ్యి పడుతుంది. అందుకే నోటితోనే ఆపాడు. నీ కాళ్ళు ఇరగ్గొడుత, సారు ఏమనుకుంటడు, అన్నా నీ బిడ్డను పట్టుకో అని అరుస్తూనే ఉన్నాడు. దాది లేచి దడి తలుపు తీసి పట్టుకుంది.

వాగు దాకా ఈడ్చాను. అరచేతులు చీరుకుపోయాయి. జీలుగు చెట్ల కింద బోను తలుపు ఎత్తి దూరంగా జరిగాను. పిల్లి బయటికి రాలేదు. బోనులో ఎలా తిరిగేదో అలాగే తిరుగుతోంది, తెరిచిన తలుపు దాకా వచ్చి మళ్ళీ వెనక్కి మళ్ళుతోంది. దానికి కమ్మీలు అంతగా నేర్పాం. నేను బోనును పక్కకు వంచాను. అది జారి ఆకుల మీద పడింది. లేచి నిలబడి తూలింది. నా వైపు చూడలేదు, పిల్లల వైపు చూడలేదు. పొదలోకి దూరింది. ఆకుల చప్పుడు కొంతసేపు వినిపించింది, తర్వాత లేదు.

చచ్చిన పిల్లల్ని నా చున్నీ చెంగులోకి ఎత్తుకుని పోయి, ఇసుక తవ్వి పూడ్చాను. బోనును వాగులోకి తోశాను. వాగులో నీళ్ళు మోకాళ్ళ లోతే ఉన్నాయి, బోను పైభాగం కనబడుతూనే ఉంది. మునిగి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చేసరికి సారు కారు లేదు. బాపు ఎక్కడికో పోయాడు. యాడి నన్ను చూసి గిన్నెలు గట్టిగా పెట్టింది. నేను ఎవరితోనూ మాట్లాడదలుచుకోలేదు, చిన్నమ్మతో తప్ప. ఆమె నెలంతా అడిగింది, తింటోందా, పడుకుంటోందా అని. ఇప్పటికైనా నిజం ఆమెకు నేనే చెప్పాలి.

ఆమె గది తలుపు ఓరగా ఉంది. పిలిస్తే వచ్చింది. ఏడ్చి కళ్ళు ఉబ్బాయి. వెనకాల మంచం మీద కాక కూర్చుని ఉన్నాడు, బనీను మీద, చేతిలో స్టీలు గ్లాసు పట్టుకుని. యాడి పాలు పోసి చేసిన కాఫీ వృథా చేయకుండా ఆయనే తాగుతున్నాడు.

"పోయింది చిన్నమ్మా. అడవిల పడ్డది," అన్నాను.

"పిల్లలో?"

ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను.

"సచ్చినయ్."

ఆమె నా చేతుల వైపు చూసింది. అరచేతుల్లో నా నెత్తురుంది, చున్నీ చెంగుకు వాటి నెత్తురుంది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని వెనక్కి జరిగింది.

"నా దిక్కు రాకు హేమా," అంది. తిట్టినట్టు అనలేదు. బతిమాలినట్టు అంది.

"కాక చెప్తేనే పట్టిన చిన్నమ్మా. ఇడిసింది గూడ నేనే. నేనొక్కదాన్నే ఇడిసిన."

కాక తల ఎత్తలేదు. గ్లాసు అడుగున ఉన్నది కూడా తాగాడు. ఆ గదిలో, ఆ మంచం మీద, ఆమె పక్కన ఉండటానికి ఆయనకు ఏ అడ్డమూ లేదు. చిన్నమ్మ నా మొహం చూడకుండా తలుపు వేసింది. లోపలినుంచి గడియ పెట్టింది.